పాత అర్ధరూపాయి కొలత

మా ఆయనకు స్కేలు మీద నమ్మకం లేదు. గ్రీజు చేతులు పడితే స్కేలు మీద గీతలు చెరిగిపోతాయని, ఎంత నలిగినా కొలత మారనిది బిళ్ళ ఒక్కటేనని అనేవాడు. మాచర్లలో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో మా ఇల్లు, ఇంటి ముందు వసారాలో ఆయన షెడ్డు. పాత మోటారు సైకిళ్ళు బాగుచేయడం ఆయన పని. అప్పుడప్పుడే వస్తున్న కొత్త బండ్లు తెచ్చినా చూసేవాడు గానీ, మొహం మాత్రం పెళ్ళికి పిలవని చుట్టంలా పెట్టేవాడు. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట తెలుగే. ఊరికి ఆయన సాయిబు, నేను సాయిబు పెళ్ళాన్ని. నేను పదో తరగతి దాకా చదివానన్న సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆయన కార్బొరేటర్ విప్పుతుంటే నేను వంటింటి గడపలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ చూసేదాన్ని. చూసి చూసి నాకూ పని తెలిసింది. పెట్రోలు ట్యాంకులోంచి నేరుగా ఇంజనులోకి పోదు. ముందు కార్బొరేటర్ అడుగున ఒక చిన్న గిన్నెలోకి దిగుతుంది. ఆ గిన్నెలో తేలే ఇత్తడి డొల్లే ఫ్లోట్. స్టేషన్ నీళ్ళ తొట్టిలో బంతి లేచి కుళాయిని మూసినట్టు, పెట్రోలు నిండేకొద్దీ ఇది లేచి, తనకున్న నాలికతో ఒక సూదిని పైకి నెట్టి దారి మూసేస్తుంది. ఎంత ఎత్తుకు లేచాక మూయాలన్నదే అసలు సంగతి. ముందే మూస్తే ఇంజను పస్తుంటుంది. ఆలస్యంగా మూస్తే పెట్రోలు పొర్లి ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. అట్లా ఆగినది ఎన్ని కిక్కులు కొట్టినా లేవదు.

ఆ ఎత్తును మా ఆయన అర్ధరూపాయి బిళ్ళతో కొలిచేవాడు. కార్బొరేటర్‌ను తలకిందులుగా పట్టుకుని కొంచెం వాల్చేవాడు. నాలిక సూదికి ఆనాలి గానీ దాన్ని నొక్కకూడదు. అప్పుడు గిన్నె కూర్చునే అంచు మీద బిళ్ళను నిలువుగా నిలబెడితే, ఫ్లోట్ నెత్తీ బిళ్ళ నెత్తీ ఒక్క ఎత్తున ఉండాలి. తేడా ఉంటే నాలికను వెంట్రుకవాసి వంచి మళ్ళీ చూసేవాడు. ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో ఇచ్చిన కంపెనీ పుస్తకంలో కొలత చూసి, ఏది సరిపోతుందా అని వెతికితే ఆ బిళ్ళ అచ్చంగా సరిపోయిందట. అది పాత నికెల్ అర్ధరూపాయి. అవి రెండు ఏరి, నూనె గుడ్డలో చుట్టి సబ్బు డబ్బాలో దాచుకున్నాడు.

"అర్ధరూపాయితో జనమంతా టీ తాగుతారు. నువ్వొక్కడివే ఇంజన్లకు తాగిస్తావు" అని ఎగతాళి చేసేదాన్ని.

"టీ తాగినోడు లేచి పోతాడే. ఇది తాగింది నన్ను తల్చుకుంటా పోతది" అనేవాడు.

మా దగ్గరికి గురజాల వైపు ఒక ఊరినుంచి ఒక పెద్ద రైతు వచ్చేవాడు. వాళ్ళ నాన్న కొన్న బండి, నల్లటిది, బరువైనది, దానిమీదే తిరిగేవాడు. వాళ్ళ ఊళ్ళో రెండు పార్టీలు. ఇవతలి పార్టీకి ఇతనే పెద్ద. ఏదో కొట్లాట కేసులో గురజాల కోర్టుకు వాయిదాలకు తిరుగుతుండేవాడు. పార్టీలున్న ఊళ్ళల్లో మగవాళ్ళకు కొన్ని అలవాట్లుంటాయి. ఏ రోజు ఎటు పోతున్నదీ ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పరు. పోయిన దారిన తిరిగి రారు. అన్నిటికంటే ముఖ్యం, బండిని పరాయిచోట వదిలిపెట్టి పోరు. రాత్రికి ఎవడు వచ్చి ఏ నట్టు వదులు చేస్తాడో అని భయం. అందుకే మా ఆయన పని చేసినంతసేపూ ఆ రైతు మా గోడకు వీపు ఆనించి, రోడ్డు వైపు మొహం పెట్టి స్టూలు మీద కూర్చునేవాడు. నేను మంచినీళ్ళిస్తే చెంబు ఎత్తి తాగుతూ కూడా కళ్ళు రోడ్డు మీదే ఉంచేవాడు.

మనిషి మాత్రం మంచివాడే. అట్లాగే అనుకున్నాను. నన్ను "చెల్లెమ్మా" అని పిలిచేవాడు. కోతలప్పుడు గోతం నిండా ఎండుమిరపకాయలు తెచ్చి వసారాలో దించి, "కూరలో కారం తగ్గిస్తే నేనూరుకోను" అనేవాడు. మా ఆయన్ను అడిగేది ఎప్పుడూ ఒక్కటే.

"సాయిబూ, నాకు మైలేజీ వద్దు, స్పీడు వద్దు. ఒక్క కిక్కుకు లేవాల. అది చూడు చాలు."

ఆ మాటకు అర్థం మా ముగ్గురికీ తెలుసు. ఆ బండి లేవకపోతే ఆయన లేవడు.

ఇబ్బందల్లా పెట్రోలుతో వచ్చేది. వాళ్ళ ఊరి దగ్గర బంకు లేదు. కిరాణా కొట్లో డబ్బాల్లో అమ్మేది కొనేవాళ్ళు. అందులో సగం కిరసనాయిలు, మిగతాది తుప్పు. ఆ నలకలు సూది దగ్గర ఇరుక్కుంటే పెట్రోలు ఆగదు. గిన్నె విప్పి కడగాలి. కడిగినప్పుడల్లా ఫ్లోట్ కదులుతుంది, మళ్ళీ కొలవాలి. అందుకని తరచు వచ్చేవాడు. ఒకసారి వచ్చినప్పుడు స్టూలు మీద కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"సాయిబూ, నేనిక్కడికి వస్తన్నానని అవతలోళ్ళకు తెలిసింది. కారంపూడి దాటినాక రెండుసార్లు ఎవడో ఎంటబడ్డాడు. ఇక రాను. ఆ ఫ్లోటు పెట్టేదేందో నాకు నేర్పు. ఇంట్లో తలుపులేసుకుని నేనే పెట్టుకుంటా."

మా ఆయన నేర్పాడు. విప్పించి, కట్టించి, మళ్ళీ విప్పించాడు. రైతు చేతులు పార పట్టిన చేతులు, మొదట్లో నాలికను మరీ వంచేశాడు. మా ఆయనకు ఓపిక ఎక్కువ. నాకే చిరాకేసి లోపలికి పోయాను. చివరికి పెట్టాడు. బండి ఒక్క కిక్కుకు లేచింది. మా ఆయన సబ్బు డబ్బా తెరిచి, రెండు బిళ్ళల్లో ఒకటి రైతు చేతిలో పెట్టాడు.

"అన్నా, ఇదే వాడు. ఇంకోటి వాడమాక."

"అర్ధరూపాయి ఎక్కడైనా అర్ధరూపాయే గదయ్యా" అని నవ్వి జేబులో వేసుకున్నాడు. నవ్వినవాణ్ణి చూసి మేమూ నవ్వాం. ఆ నవ్వు తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత ఆయన చాలాకాలం రాలేదు. రాకపోతే బండి బాగున్నట్టే అనుకున్నాం. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గురజాల బస్సు దిగినవాళ్ళు కబురు తెచ్చారు. వాయిదాకు పోతూ రైలు గేటు దగ్గర ఆగాడట. వెనక తమ్ముడు కూర్చుని ఉన్నాడు. గేటు వేసి ఉంది. ఇంజను ఆపితే మళ్ళీ ఎట్లా ఉంటుందోనని ఆపకుండానే నిలబెట్టాడట. నిలబడ్డ చోటే అది గురకపెట్టి ఆగిపోయింది. ఈయన కిక్కు కొడుతూనే ఉన్నాడు. కింద రోడ్డు మీద పెట్రోలు కారుతూ ఉంది. గేటు అవతలినుంచి అవతలి పార్టీవాళ్ళు నలుగురు నడిచే వచ్చారట, పరిగెత్తాల్సిన పని కూడా వాళ్ళకు లేకపోయింది. తమ్ముడు దూకి మిరపచేల్లో పడి పారిపోయాడు. ఈయన్ను నరికి వదిలేశారు. చావలేదు. గుంటూరు ఆసుపత్రిలో కుడి కాలు మోకాలి పైకి తీసేశారు.

మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు. నేను మనిషి కోసం ఏడుస్తున్నాను. ఆయన మాత్రం బస్సువాళ్ళు చెప్పిన ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు.

"కిందికి కారిందన్నారు గదే. కారిందంటే ఫ్లోటు ఎక్కువైందనే. నేను నేర్పిందాంట్లో ఏమన్నా తప్పుందంటావా?"

"నీ మొహం. నలక పడి ఉంటది" అన్నాను.

"నలక పడితే నించున్నప్పుడే కాదు, తోలేటప్పుడూ కారద్ది. ఇది కొలత తప్పే."

సంతలో ఇంకో మాట పుట్టింది. బండి ఊరికే ఎందుకు ఆగుతుంది? కార్బొరేటర్ కారింది. ఆ కార్బొరేటర్ చూసేదెవడు? మాచర్ల సాయిబు. అవతలి పార్టీ వాళ్ళు సాయిబును కొనేశారు. ఇంతే లెక్క. పారిపోయిన తమ్ముడికి ఆ మాట ఎంత పనికొచ్చిందో నాకు తర్వాత తెలిసింది. అన్నను వదిలి చేలల్లో పడి పరిగెత్తినవాడికి, నెపం వేయడానికి ఇంకొకడు కావాలి కదా. ఒక రోజు జీపులో మనుషులతో వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు.

"ఎంతిచ్చారు సాయిబూ?" అన్నాడు.

"తమ్ముడూ, బండి తీసుకురా. మీ ముందే విప్పుతా. నా తప్పుంటే నువ్వేం చేసినా పడతా" అన్నాడు మా ఆయన. బండి పోలీస్ స్టేషన్లో ఉంది, దాన్ని ఎవరూ విప్పి చూడలేదు. చూడాలని ఎవరికీ లేదు కూడా.

"అన్న లేచి కూర్చోనీ. ఆనెక నీ సంగతి" అని పోయాడు.

నేను పుట్టింటికి పోదామన్నాను. నరసరావుపేటలో మా అన్నలున్నారు. మా ఆయన వినలేదు. పారిపోతే తప్పు ఒప్పుకున్నట్టేనన్నాడు. పొద్దున లేస్తే షట్టర్ తీసి కూర్చునేవాడు, ఎవరూ వచ్చేవారు కాదు. ఒక పాత కార్బొరేటర్ ముందు పెట్టుకుని, మిగిలిన ఆ ఒక్క బిళ్ళతో కొలిచిందే కొలిచేవాడు. ఫ్లోట్ నెత్తి మీద వేలు పెట్టి తడిమి చూసుకునేవాడు. పదేళ్ళు కాపురం చేసిన మనిషి, తన చేతుల్ని తనే నమ్మకపోవడం అప్పుడే చూశాను. వాళ్ళు వచ్చి కొడతారన్న భయం కంటే నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

ఆ కొలత సంగతి తెలిసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ రైతు నోరు తెరిచి, 'ఫ్లోటు పెట్టుకుంది నేను, సాయిబు కాదు' అని ఒక్క మాట తమ్ముడితో అంటే చాలు. మా ఆయనకు చెప్పకుండా, పక్కింటి పిన్నిని తోడు తీసుకుని పొద్దున్నే గుంటూరు బస్సెక్కాను.

ఆసుపత్రిలో రైతు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద ఒక పక్క ఖాళీగా ఉంది. ఆయన భార్య స్టూలు మీద కూర్చుని విసురుతోంది. నన్ను చూసి, "సాయిబు పెళ్ళాం వచ్చింది" అంది. ఆ గొంతులో కోపం లేదు. అది చూసి, ఈవిడకు అన్నీ తెలుసు అనుకున్నాను.

"అన్నా, నిన్ను ఇబ్బంది పెట్టటానికి రాలా. ఒక్కటి చెప్పు. ఆ ఫ్లోటు పెట్టింది నువ్వే గదా?"

"నేనే" అన్నాడు గోడకేసి చూస్తూ.

"మా ఆయన ఇచ్చిన బిళ్ళతోనే పెట్టావా?"

భార్య లేచి మంచం కింది సంచిలోంచి గుడ్డ మూట తీసింది. ఆయన ఆ రోజు వేసుకున్న చొక్కా. రక్తం ఎండి అట్ట కట్టి ఉంది. జేబులోంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. పట్టుకోగానే తెలిసిపోయింది. తేలిగ్గా ఉంది, తెల్లగా మెరుస్తోంది. అప్పుడప్పుడే వస్తున్న కొత్త స్టీలు అర్ధరూపాయి. పాతదాని పక్కన పెడితే తప్ప ఎవరూ పట్టించుకోరు గానీ, దానికంటే చిన్నది. బిళ్ళ పొట్టిదైతే ఫ్లోట్ ఇంకా పైకి లేచేదాకా దారి మూయదు. గిన్నె నిండి పొర్లుతుంది. గేటు దగ్గర జరిగింది అదే.

"పాతది గుళ్ళో హారతి పళ్ళెంలో వేశాడమ్మా" అంది ఆవిడ. "అంతకుముందు వాయిదాకు పోయేటప్పుడు జేబులో చేతికందింది ఏశాడు. ఆనెక కొట్లో ఇంకో బిళ్ళ తెమ్మంటే నేనే తెచ్చిచ్చా. అర్ధరూపాయే గదా అనుకున్నాం."

నాకు ఏడుపు రాలేదు, ఊపిరి వచ్చింది. "అయితే ఈ మాట మీ తమ్ముడికి చెప్పన్నా. అతను మా ఆయన చేతులు తీస్తానని తిరుగుతున్నాడు. నువ్వు చెప్తే ఆగుతాడు" అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, వేరే మనిషిలా ఉన్నాడు.

"చెల్లెమ్మా, నన్ను మోసం చేసి కొట్టారని మా వాళ్ళంతా నా ఎనక నించున్నారు. ఇప్పుడు నేనే చేతగాక చెడగొట్టుకున్నానంటే ఏమవుద్ది? కాలు పోయింది. మాట కూడా పోతే నేను ఊళ్ళో ఎట్టా బతకాల?"

"మరి మేం ఎట్టా బతకాలన్నా?"

"సాయిబు జోలికి పోవద్దని మా వాడికి చెప్తాలే. ఎందుకన్నది మాత్రం చెప్పమని అడగమాక."

ఇంకేం అడగను? ఆ స్టీలు బిళ్ళను కొంగుకు ముడేసుకుని లేచాను. ఆయన భార్య గుమ్మం దాకా వచ్చింది. చెప్తానన్నాడు కదా, చాలు అని బస్సంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నేను బస్సులో ఉండగానే తమ్ముడూ వాడి మనుషులూ మా షెడ్డుకు వచ్చి పోయారు. అన్న లేచి కూర్చున్నాడని ముందురోజే కబురు అందిందట, తమ్ముడు ఆగలేదు. మా ఆయన కుడిచేతి వేళ్ళను ఆయన బెంచి మీద ఇనుము బిగించే వైసులోనే పెట్టి బిగించి, ఆయన సుత్తితోనే కొట్టారు. వీధంతా తలుపులేసుకుంది. స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా అరుపులు వినిపించాయట. నేను బస్సు దిగి వచ్చేసరికి షెడ్డు ముందు నెత్తురు మీద ఎవరో మట్టి చల్లారు.

మాచర్ల ఆసుపత్రి వరండాలో మా ఆయన చేతికి కట్టుతో, గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే అడిగింది నొప్పి గురించి కాదు.

"యాడికి పోయావో పిన్ని కొడుకు చెప్పాడు. ఏమన్నాడు?"

కొంగు ముడి విప్పి బిళ్ళ చూపించాను. ఎడమచేత్తో తీసుకుని బొటనవేలితో అంచు తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"ఇది చిన్నది" అన్నాడు. "అయితే నా కొలత తప్పు కాదు."

అని ఏడ్చాడు. వేళ్ళు నలుగుతున్నప్పుడు ఏడ్చాడో లేదో నేను చూడలేదు. ఇప్పుడు ఏడ్చింది మాత్రం నొప్పికి కాదు. నాకు మాత్రం ఆయన మీద కూడా పట్టరాని కోపం వచ్చింది. చేయి పోయినవాడు కొలత మిగిలిందని ఏడవడమేంది?

ఎముకలు అతికినట్టే అతికి చేయి వంకరగా నిలిచిపోయింది. వేళ్ళు పానా పట్టవు, బిళ్ళ పట్టవు. మాచర్ల వదిలి నరసరావుపేటలో మా అన్నల ఇంటి పక్కనే షెడ్డు వేసుకున్నాం. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. మొదట్లో ఆడమనిషి బండి విప్పుతుందా అని జనం వింతగా చూశారు. తర్వాత చూడటం మానేశారు. కార్బొరేటర్ల పని మొత్తం నాదే అయింది. నేను కొలిచాక ఆయన ఎడమచేతి వేలితో ఒకసారి తడిమి, "ఊ" అనేవాడు. ఆ స్టీలు బిళ్ళనూ పాత బిళ్ళనూ ఒకే డబ్బాలో వేశాను. ఎందుకు దాచానో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

తర్వాత ఎన్నికలొచ్చాయి. వాళ్ళ ఊళ్ళో రెండు పార్టీలకూ రాజీ అయింది. ఒకే పందిట్లో కూర్చుని భోజనాలు చేశారట. అవతలివాళ్ళు అక్కడే చెప్పారట, ఏ సాయిబునూ తాము కొనలేదని, గేటు దగ్గర బండి ఆగడం చూసి, దొరికాడు కదా అని వచ్చామని. విన్నవాళ్ళు వినేసి చేతులు కడుక్కుని లేచారు. అందులో ఒక్కడు కూడా మా ఇంటి దాకా రాలేదు.

వచ్చింది ఆ రైతే. ఒక సాయంత్రం ఆ నల్లబండి మా షెడ్డు ముందు ఆగింది. తోలుతున్నది తమ్ముడు. వెనక చంక కింద కర్రతో ఆయన. దిగి, మా ఆయన చేతిని చూసి, తల తిప్పుకున్నాడు.

"చెల్లెమ్మా, పోలీసులిచ్చినాక దీన్ని ఎవడికి చూపించినా కుదరటంలా. కారతానే ఉంది."

అది నా చేతికి ఇవ్వడానికి వాళ్ళకు సిగ్గు లేకపోయింది. తమ్ముడు సిగరెట్ ముట్టించుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. పొమ్మని అరవబోయాను. మా ఆయన నన్నే చూస్తున్నాడు.

"విప్పవే" అన్నాడు మెల్లగా. "బండేం చేసింది?"

విప్పాను. కడిగాను. తలకిందులుగా పట్టుకున్నాను. డబ్బా తెరిస్తే రెండు బిళ్ళలూ పక్కపక్కనే ఉన్నాయి. స్టీలుదే నా చేతికి ముందు వచ్చింది. దాంతో పెడితే ఎక్కడో ఒకచోట, ఏదో ఒక గేటు దగ్గర ఈ బండి మళ్ళీ ఆగుతుంది. అప్పుడు తోలేవాడు తమ్ముడై ఉంటాడు. ఆ ఆలోచన నాకు తియ్యగా ఉందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. దాన్ని పట్టుకునే కొంతసేపు కూర్చున్నాను. మా ఆయన వద్దన్నా నేను వినేదాన్ని కాదేమో.

లేచి పోయి ఆ స్టీలు బిళ్ళను రైతు అరచేతిలో పెట్టాను.

"ఇదేందో మీ తమ్ముడికి చెప్పన్నా. ఇప్పుడైనా."

రైతు దాన్ని చూశాడు. గుర్తుపట్టాడు. పెదాలు కదిలాయి. తమ్ముడు సిగరెట్ పారేసి దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా అది?"

రైతు గుప్పిట మూశాడు.

"ఏం లేదురా. చెల్లెమ్మ చిల్లర ఇచ్చింది" అని జేబులో వేసుకున్నాడు.

నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. పాత బిళ్ళ తీసి, అంచు మీద నిలబెట్టి, నాలిక వెంట్రుకవాసి వంచాను. మా ఆయన ఎడమచేతి వేలు తెచ్చి ఫ్లోట్ నెత్తి తడిమి, "ఊ" అన్నాడు. బిగించి ఇచ్చాను. తమ్ముడు కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే లేచింది.